చంటిబిడ్డకు చేతిపని కానుక



బిడ్డ పుట్టిన యిరువదియొకటవ దినమున మన యిండ్లలో బారసాల జరుగును. ఆనాడు వచ్చు బంధువులెవరును వట్టిచేతులతో రారు. ఏమి పట్టుకొనిపోవలె నను ప్రశ్న మాత్రము ఈ కాలమున పెద్ద చిక్కుగా మాఱినది. వెండిగిన్నె, వెండి మొలత్రాడు, కాలికి గజ్జెలు, ఇవి కలవారి యిండ్లలో పుట్టి లేనివారి యిండ్లకు ప్రాకిన మర్యాదలు. మా నెల్లూరు తీరమున మైపాడు మొదలు తుమ్మలపెంట వఱకు గల పల్లెలలో ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు సముద్రపువేట నిషేధము. ఆ రెండు నెలలలో బారసాల వచ్చినచో మేనమామ వెండికొఱకు అప్పు చేయవలసినదే. అప్పు పుట్టనివాడు పట్టణమునకు పోయి రంగురంగుల ప్లాస్టిక్ గిలక నొకదానిని కొని తెచ్చును. ఇంట తమ చేతులతో చేయగల వస్తువును తీసికొనిపోవుట ఇద్దఱికిని నామోషీయే.

నేను ముప్పది యేండ్లకు పైగా ఈ తీరమున తెలుగు పంతులుగా నుండి విశ్రాంతి గొన్నవాడను. బొంత కుట్టువారి యరుగులపైనను, తాటికమ్మ లల్లువారి పందిళ్ల క్రిందను నేను గడపిన సాయంకాలములు చాల గలవు. నేటి ప్రసంగమున నేను మనవి చేయదలచిన దొక్కటే. తొలియేటి బిడ్డకు ఇంట చేసిన వస్తువును మించిన కానుక లేదు. అయితే చేతితో చేసినంత మాత్రమున ప్రతిదియు మంచిది గాదు. దానికి నియమములున్నవి, అవి మన పెద్దలకు తెలియును, మనము మఱచుచున్నాము.

ఆ నియమములను చరకుడు తన సంహితలోని శారీరస్థానమున ఎనిమిదవ యధ్యాయమునందు చెప్పియున్నాడు. శిశువు నాటవస్తువు లెట్లుండవలె ననగా, విచిత్రములై యుండవలెను, చప్పుడు చేయవలెను, చూడ ముచ్చటగా నుండవలెను. బరువుగా నుండరాదు, కొన వాడిగా నుండరాదు, నోటిలో దూరునంతటివి కారాదు, ప్రాణము తీయునవి కారాదు, బిడ్డను జడిపించునవి కారాదు. ఈ యెనిమిదింటిని లెక్కించి చూడుడు. మొదటి మూడును బిడ్డ యానందము కొఱకు, తక్కిన యైదును బిడ్డ క్షేమము కొఱకు. వైద్యుడై నందున ఆయన పాలు పంచిన తీరిది. మనమో అంగడిలో మొదటి మూడే చూచి రూక లిచ్చి వచ్చుచున్నాము.

నోటిలో దూరరా దనుమాట నేటి పరీక్షాలయములకును ప్రమాణమే. మూడేండ్లలోపు పిల్లల యాటవస్తువులను పరీక్షించుటకు 31.7 మిల్లీమీటర్ల వ్యాసము గల చిన్న గొట్టము నొకదానిని వాడుదురు. అందులో పూర్తిగా ఇమిడిపోయిన వస్తువు, లేక వస్తువు నుండి ఊడివచ్చిన ముక్క, చంటిబిడ్డకు పనికిరాదని తీర్పు. మన యింట గొట్టముండదు. బొటనవ్రేలి కొనను చూపుడువ్రేలి కొనతో కలిపి సున్న చుట్టుడు. ఆ సున్నలో నుండి జాఱిపోవునది ఏదైనను బిడ్డ చేతి కీయకుడు. ఇది గొట్టముకంటె కొంత పెద్ద కొలతయే గాని, ఈ విషయమున ఎక్కువ జాగ్రత్త వలన నష్టము లేదు. సముద్రపు టొడ్డు పల్లెలో రాత్రివేళ బిడ్డ గొంతున గింజ యడ్డుపడినచో నెల్లూరు ఆసుపత్రి ఎంత దూరమో మీకు నేను చెప్పనక్కఱలేదు.

ఇక కానుకల సంగతి. వీనిలో మొదట చెప్పదగినది పాతగుడ్డ. నవ్వకుడు. శిశువు పక్కయు కప్పును మెత్తగా, తేలికగా, శుభ్రముగా ఉండవలె ననియు, చెమటపట్టినవి, మలమూత్రములు సోకినవి, పురుగు పట్టినవి విడువవలె ననియు, వేఱు గుడ్డలు లేనిచో వానినే చక్కగా ఉతికి, ధూపము వేసి, ఎండబెట్టి వాడవచ్చు ననియు చరకుడు అదే యధ్యాయమున చెప్పెను. కొత్తవి కొనుడని ఆయన చెప్పలేదు. కొత్తగుడ్డలో గంజి యుండును, రంగు ఇంకను విడువక మిగిలియుండును, నూలు బిరుసుగా నుండును. ఏండ్ల తరబడి ఉతికిన నేతచీరలో ఇవేవియు నుండవు. నీరు పీల్చుటలో దానికి సాటి లేదు. వెంకటగిరి నూలుచీర చిరుగునాటికి ఎట్లుండునో కట్టినవారికి తెలియును. సన్ననూలు గనుక అది చిరుగుటకు ముందే దూదివలె మెత్తబడును. అట్టి చీరనో, తాతగారి పంచెనో మూరెడు చదరములుగా చించి, అంచులు మడచి కుట్టి, మఱుగు నీటిలో ఉడికించి, మంచి యెండలో ఆరవేసి, రెండు డజనుల పొత్తిగుడ్డలను మూటగట్టి తీసికొనిపోయినచో, ఆ తల్లి మీకు చేయు నమస్కారము వెండిగిన్నెకు చేయునది కాదు. జరీయంచును మాత్రము ముందే కత్తిరించి తీసివేయవలెను; అది చర్మమును గీఱును.

బొంత ఇంకను గొప్పది. మా ప్రాంతమున వాన అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలో ఈశాన్యపు గాలితో ఎక్కువగా కురియును. అందుచేత శ్రద్ధగల ముసలమ్మలు వానలకు ముందే బొంతలు కుట్టి ముగింతురు. మూడు నాలుగు పాతచీరలను ఒకదానిపై నొకటి పఱచి, నలుమూలల రాళ్లు పెట్టి, ముడుతలు లేకుండ సాగదీసి, నడుమ నుండి అంచులకు సాదాకుట్టు వేయుచు వత్తురు. అంచు నుండి నడుమకు కుట్టినచో గుడ్డ నడుమ ఉబ్బును. వరుసకును వరుసకును మధ్య వ్రేలెడు ఎడము. అంతకు మించినచో రెండు ఉతుకులకు లోపలి పొర ముద్దకట్టును. అంతకు తగ్గినచో బొంత బిరుసెక్కును. ఈ వ్రేలెడు ఎడము ఎన్ని తరముల యనుభవమో గదా!

ఒక బారసాలలో నేను కన్నులార చూచినది చెప్పెదను. తండ్రివైపు ముసలమ్మ యొకతె బొంతను చంకలో పెట్టుకొని వచ్చి, పళ్లెములో వెండి వస్తువులను చూచి, దానిని కొంగు చాటున దాచెను. ఎవరో అడిగి పుచ్చుకొని అటకపై పడవేసిరి. ఆ రాత్రి జడివాన. ఆరవేసిన గుడ్డ లొక్కటియు నారలేదు. బిడ్డ వరుసగా నాలుగు పక్కలు తడిపెను. అర్ధరాత్రి వేళ అటకకు నిచ్చెన వేసి, లాంతరు పట్టుకొని ఆ బొంతను దింపిరి. వెండిగిన్నె నెవరును పలుకరింపలేదు.

బొంత బిడ్డ క్రింద పఱచుకొనుటకు గాని, ముఖముపైకి కప్పుటకు గాదు. తొలియేడాది బిడ్డను వెల్లకిల పరుండబెట్టవలె ననియు, తలక్రింద దిండుగాని, చుట్టును వదులైన గుడ్డల కుప్పగాని యుండరాదనియు నేటి శిశువైద్యులు చెప్పుచున్నారు. తల గుండ్రముగా వచ్చు నని కొన్ని యిండ్లలో ఆవాలు పోసిన దిండు కుట్టి యిత్తురు. అది మానవలసిన కానుక. కుట్టు విడినచో ఆవాలు ముక్కులోనికిని, నోటిలోనికిని పోవును. నల్లపూసల దండలు, చేతికి కట్టు వసకొమ్ము ముక్కలు, ఊడిపోవు చిఱుగజ్జెలు, ఇవియు అట్టివే. దృష్టిదోషమునకు జడియువారు గోడకు కట్టుకొనవచ్చును. మెడకు కట్టిన త్రాడు గోడకు కట్టిన త్రాడువంటిది కాదు.

చీర ఉయ్యాల మన యిండ్లలో కానుకయు, గృహోపకరణమును. మేనమామ మంచి చీరయు, గట్టి త్రాడును, అడ్డుకఱ్ఱయు తెచ్చి దూలమునకు కట్టి యిచ్చుట మర్యాద. వలలు కట్టువారికి ముడులను గుఱించి నేను పాఠము చెప్పబోను. కాని కట్టిన పిమ్మట బిడ్డ బరువునకు నాలుగైదింతలు తూగు బియ్యపు మూటను అందులో పెట్టి పూటంతయు ఊపి చూచుట మంచిది. ఉప్పుగాలికి త్రాడు లోలోపల చివుకును, పైకి తెలియదు. చీర బిడ్డ ముఖముపై మూసికొనకుండ అడ్డుకఱ్ఱ వెడల్పుగా నుండవలెను. బిడ్డ తానై బోర్లపడ నేర్చిననాడు ఉయ్యాల పని ముగిసినది. ఆపైన అందులో ఒంటిగా విడిచినచో మెడకు గుడ్డ చుట్టుకొను నపాయ మున్నది. పెద్దపిల్లలు దానిని మెలిపెట్టి గిరగిర త్రిప్పుటయు అంతే యపాయము. నిజమునకు బిడ్డ నిద్రించుటకు చదునైన గట్టి పక్కయే క్షేమము. ఉయ్యాల ఊరడించుటకు, అదియు ఎవరో ఒకరు చెంత నున్నప్పుడు.

ఇప్పుడు తాటాకు మాట. ఈ యిసుకనేలలో మన కడుగకయే దొరకు సామగ్రి యిది. ముదురాకు పెళుసు, అంచు కత్తివలె కోయును. చెట్టు నడుమ నింకను విచ్చుకొనని లేత యాకును కోయించి, నీడలో రెండు మూడు దినములు వాడ్చి, ఈనె తీసివేసి, చిటికెనవ్రేలి వెడల్పున కమ్మలుగా చీల్చుదురు. ఎండలో ఎండించినచో విఱుగును. అల్లుటకు ముందు తడిగుడ్డలో కొంతసేపు చుట్టియుంచినచో కమ్మ చెప్పినట్లు వినును.

గిలక యల్లువిధ మిది. మూరెడు పొడవు గల కమ్మలను నాలుగు నిలువుగను, నాలుగు అడ్డముగను పెట్టి, ఒకటి విడిచి యొకటి దూర్చుచు చిన్న చదరము అల్లుదురు. అది యడుగు. నలువైపుల మిగిలిన కొసలను పైకి మడచి, చుట్టును వేఱు కమ్మలు త్రిప్పుచు గోడలు లేపుదురు. లోపల గింజలు వేసి, కొసలను వంచి ఒకదానిలో నొకటి చొనిపి మూత మూయుదురు. చివర మిగిలిన కమ్మలను గట్టిగా పెనవేసినచో పిడి యగును. చేయి తిరిగినవారికి అరగడియ పని. మట్టి గిలకలు సింధునదీ ప్రాంతపు హరప్పా నగరముల త్రవ్వకములలో దొరకినవి; లోపల మట్టి గుళికలతో నాలుగువేల యేండ్లు గడచినవి. తాటాకు మట్టివలె నిలువదు గనుక మన గిలకకు సాక్ష్యము మిగులలేదు.

అయితే లోపల వేయు గింజ లేవి? ఇక్కడ నేను కఠినముగా మాటలాడవలసియున్నది. అందమునకో, అలవాటునకో గురివింద గింజలు వేయువారున్నారు. ఎఱుపు నలుపు కలిసిన ఆ గింజ చూడ ముచ్చటయే. పైపొట్టు పగులనంతవఱకు ఊరకుండును. నమిలినను, రంధ్రము పడినను దాని లోపలి విషము కొద్దిపాటియైనను ప్రాణాంతకము. ఆముదపు గింజయు విషమే. పూసలుగా గ్రుచ్చిన గురివిందలకు ముందే రంధ్రము చేయబడియుండును గదా! చరకుడు ప్రాణహరములు కారాదని వేఱుగా చెప్పుట ఊరక కాదు. చింతగింజ విషము కాదు, గాని గొంతున నడ్డుపడుటకు చాలును. పప్పుగింజ యూపిరిత్రోవన చిక్కి తడికి ఉబ్బును.

కావున నా తీర్పు ఇది. గింజలు గల తాటాకు గిలకను బిడ్డ చేతి కీయరాదు. అది పెద్దల చేతిలో నుండి మ్రోగవలెను. రెండుపొరలుగా అల్లి, కమ్మ విడుట కనబడిన నాడే పొయ్యిలో వేయవలెను. బిడ్డ కన్నుల యెదుట ఆడుటకు గింజలు లేని తాటాకు చేపయు, చిలుకయు చాలును. అయిదారు చేపలను ఒక పుల్లకు వ్రేలాడగట్టినచో, సముద్రపు గాలికి అవి తమకు తామే గలగల లాడును. అప్పుడే పుట్టిన బిడ్డ చూపు ఇరువది ముప్పది సెంటీమీటర్ల దూరమున నున్నదానిని మాత్రమే చక్కగా పట్టగలదు. అనగా జానెడు మొదలు జానెడున్నర. మన మేమో దూలమునకు కట్టి, బిడ్డ చూడలేదని చింతింతుము. రంగులు వేయబనిలేదు. తెల్లని కమ్మపై నల్లదారపు చారలు రెండు వేసినచో ఆ వయస్సునకు అంతకంటె స్పష్టమైన చిత్రము లేదు. వ్రేలాడు దారము జానెడు మించరాదు. బిడ్డ చేయి చాచి పట్ట నేర్చిన వెంటనే దానిని తీసివేయవలెను. కమ్మ యంచులను లోపలికి మడచి అల్లవలెను. అల్లినవారు తమ పెదవిపై ఒకమాఱు రాచి చూచుకొనవలెను; అఱచేయి మొద్దుది, దానికి తెలియదు. మా గాలిలోని తేమకు పక్షము దినములలో బూజు పట్టును. పట్టిన వెంటనే పాఱవేసి మఱియొకటి అల్లవచ్చును. ఖర్చు లేదు గదా!

పండ్లు వచ్చునప్పటికి బిడ్డకు కొఱుకుట కేదైన కావలెను. దానికి నున్నని చెక్కయే తగినది. మా నెల్లూరు సీమలోని ఉదయగిరి పనివారు చెక్కతో చేయు గరిటెలు, చెంచాలు పేరుపొందినవి. ఆఱవ నెల నిండి అన్నప్రాశనము జరుగునప్పుడు రంగుపూత లేని చిన్న చెక్క చెంచా మంచి కానుక. అనకాపల్లి జిల్లాలో వరాహనది యొడ్డున గల ఏటికొప్పాక లక్కబొమ్మలు మీరు వినియుందురు. అంకుడు కఱ్ఱను తరిమెన పట్టి, తిరుగుచున్న కఱ్ఱకు లక్కకడ్డీని ఒత్తగా, ఆ రాపిడి వేడికి లక్క కరగి పూతగా అంటును. వీనికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. కొందఱు పనివారు పసుపు, నీలిమందు మొదలగు చెట్టుసరకులతోనే రంగులు కట్టుదురు. అందఱు నట్లు చేయుదురని తలపరాదు, అడిగి కొనవలెను. విజయవాడ చెంతనున్న కొండపల్లి బొమ్మలు పొణికి కఱ్ఱతో చేసి రంగులు వేసినవి. అవి కొలువునకు, అలమరకు తగినవి. నోటికి కావు.

రంగుల విషయమున ఇంత పట్టుదల యేల యందురా? కొన్ని రంగులలో సీసము కలిసియుండును. సీసము బిడ్డ మెదడును చెఱచును. ఇంత వఱకు క్షేమమని చెప్పదగిన మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఇండ్లకు వేయు రంగులలో సీసము పదిలక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదని మన దేశమున 2016లో నియమము చేసిరి. ఆటవస్తువుల నాణ్యతకు వేఱుగా శాసనము వచ్చి 2021 జనవరి 1 నుండి అమలున నున్నది. ఆ శాసనము నుండి నమోదైన హస్తకళాకారులకును, భౌగోళిక గుర్తింపు గల బొమ్మలకును మినహాయింపు ఇచ్చిరి. పేదపనివానిపై పరీక్షల భారము పడరాదని అట్లు చేయుట న్యాయమే. కాని దాని యర్థమేమి? చేతిబొమ్మ విషయమున పరీక్ష చేయు బాధ్యత కొనువాని మీదను, చేయువాని మనస్సాక్షి మీదను ఉన్నదని. పాత పడవల పలకలు, రంగు పెచ్చులూడు తలుపుచెక్కలు తెచ్చి బిడ్డకు బండ్లు చేయువారు ఈ మాట వినవలెను. పాతరంగులో సీసము ఎక్కువగా నుండవచ్చును. పాతగుడ్డ మేలు; పాతరంగు కీడు.

బండి యనగానే జ్ఞప్తికి వచ్చినది. శూద్రకుని మృచ్ఛకటికమున చారుదత్తుని కొడుకు పొరుగింటి బంగారుబండిని చూచి, మట్టిబండి వలదని యేడ్చును. నాటకమునకు పేరే ఆ మట్టిబండి వలన వచ్చినది. కాని ఆ బాలుడు మాటలు నేర్చినవాడు, పొరుగిల్లు చూచినవాడు. ఇరువదియొక్క దినముల బిడ్డకు బంగారమును తెలియదు, మట్టియు తెలియదు. బారసాలలో వెండికొఱకు చూచునది బిడ్డ కాదు, పీటలపై కూర్చున్న మనమే. గ్రామమునందలి పెద్దలు పళ్లెములో మొదట పొత్తిగుడ్డల మూట నుంచినచో, అప్పు చేయబోవు మేనమామ సులభముగా ఊపిరి పీల్చుకొనును.

ఏడాది నిండవచ్చు బిడ్డకు గుడ్డబొమ్మ. పాతచీర ముక్కలనే చుట్టి, పైన తెల్లగుడ్డ తొడిగి గట్టిగా కుట్టుదురు. కన్నులకు గుండీలు కుట్టరాదు, పూసలు కుట్టరాదు; నల్లదారముతో రెండు చుక్కలు చాలును. లోపల ఊకగాని, గింజలుగాని నింపరాదు. వారమున కొకమాఱు ఉడుకునీటిలో ముంచుటకు వీలుగా నంతయు నూలుగుడ్డయే కావలెను. గుడ్డబొమ్మకు మన నెల్లూరిలో పెద్ద చరిత్రయే గలదు. మనుమసిద్ధి కొలువున నుండిన తిక్కన సోమయాజి 13వ శతాబ్దమున భారతమును విరాటపర్వము మొదలుకొని తెనిగించెను. అందు ఉత్తర, సారథియై పోవుచున్న బృహన్నలను, కౌరవ వీరుల మేలివలువలను తన బొమ్మపొత్తికలకు తెచ్చి యిమ్మని కోరును. అర్జునుడు ఆ కోరిక మఱవక, మూర్ఛిల్లిన వీరుల తలపాగలను, పైవలువలను ఉత్తరునిచేత తెప్పించెను. యుద్ధభూమి దుమ్మును, చెమటయు పట్టిన గుడ్డలవి. విరాటుని యంతఃపురమున వానిని మఱుగునీటిలో ఉడికించి, ఎండబెట్టిన పిమ్మటనే బొమ్మలకు కట్టియుందురని నా యూహ.